బయటి తొడలో మంటా, తిమ్మిరా? ముందు నడుముకు కట్టినదాన్ని వదులు చేయండి

పత్తి ఏరే రోజుల్లో, అంటే దసరా దాటినప్పటి నుంచి సంక్రాంతి దాకా, నల్లగొండ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఫిజియోథెరపీ కోసం నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో కొందరు ఇంచుమించు ఒకే మాట చెబుతారు: “తొడ మీద కారం పూసినట్టు మండుతున్నది సారూ, చీర తాకినా ఓర్వలేకపోతున్న, కూసుంటే మాత్రం జర నయమనిపిస్తది.” ఆ మంట తొడ బయటి వైపున, ప్యాంటు జేబులో చెయ్యి పెడితే అరచెయ్యి ఆనే చోట ఉంటుంది. మోకాలు దాటి కిందికి దిగదు. నిలబడినప్పుడు, నడిచినప్పుడు పెరుగుతుంది. ఇలా వచ్చేవారిలో చాలామంది అప్పటికే నడుము ఎక్స్‌రేలు తీయించుకొని, కొందరు అప్పు చేసి ఎమ్మారై కూడా తీయించుకొని, “డిస్కు జరిగింది” అన్న మాట మనసులో పెట్టుకొని, నడుముకు బెల్టు బిగించుకొని ఉంటారు. ఆ బెల్టే వారి మంటను పెంచుతూ ఉండవచ్చునన్న సంగతి వారికి ఎవరూ చెప్పి ఉండరు.

ఈ తప్పు నేనూ చేశాను. పనిలో చేరిన కొత్తలో ఒకామె ఇదే బాధతో వస్తే, తొడను సరిగా పరీక్షించకుండానే నడుము నొప్పి కిందికి దిగిందని తేల్చి, బెల్టు నా చేతులతోనే బిగించి, పొద్దంతా తీయవద్దని చెప్పి పంపాను. రెండు వారాల తర్వాత ఆమె రెట్టింపు మంటతో తిరిగి వచ్చి, రాత్రి బెల్టు తీసి పడుకున్నప్పుడే హాయిగా ఉంటున్నదని తానే చెప్పింది. జబ్బు ఎక్కడ ఉన్నదో ఆమె మాటలోనే ఉంది, నేనే వినలేదు. అప్పటి నుంచి తొడ మంట అని ఎవరు వచ్చినా మొదట వారి నడుముకు ఏమేమి కట్టి ఉన్నదో చూస్తున్నాను. మీరు కూడా ఇంట్లో అక్కడి నుంచే మొదలుపెట్టాలన్నది నా కోరిక.

అసలు ఏం జరుగుతుంది

వెన్నులో నడుము భాగాన రెండవ, మూడవ పూసల దగ్గర పుట్టే నరాల వేర్లు కలిసి ఒక సన్నని నరం తయారవుతుంది. దాని పేరు లేటరల్ ఫిమోరల్ క్యుటేనియస్ నెర్వ్. తేలిక కోసం ఇక్కడ తొడ నరం అని పిలుచుకుందాం. అది పొట్ట లోపలి గోడ వెంట తుంటి వైపు దిగి, గజ్జలో ఏటవాలుగా సాగే గట్టి పట్టీ కింది నుంచి, కొందరిలో ఆ పట్టీ పోగుల మధ్య నుంచే, దాదాపు మలుపు తిరిగినట్టుగా తొడలోకి వస్తుంది. మీ రెండు చేతులూ నడుము మీద పెట్టుకొని వేళ్లను ముందుకు జరిపితే రెండు వైపులా గట్టిగా పొడుచుకు వచ్చిన ఎముక మొనలు తగులుతాయి. చాలామందిలో తొడ నరం ఆ మొనకు బొటనవేలి వెడల్పంత లోపలి వైపున, చర్మానికి పెద్దగా లోతు లేని చోట దాటుతుంది. పైనుంచి తాడు కోసినా, బెల్టు ఒత్తినా, లోపలి నుంచి పెద్ద పొట్ట జారి వంగినా నలిగేది అక్కడే.

ఈ నరం చర్మానికి స్పర్శను మాత్రమే ఇస్తుంది, ఏ కండరాన్నీ కదిలించదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే కింద చెప్పే పరీక్షలన్నీ మీకు సులభంగా అర్థమవుతాయి. ఈ నరం ఎంత నలిగినా మంట, తిమ్మిరి, మొద్దుబారడం, సూదులు గుచ్చినట్టుండడం, తాకితే ఓర్వలేకపోవడం వస్తాయే తప్ప కాలి బలం తగ్గదు. బలం తగ్గిందంటే అది వేరే జబ్బు.

వైద్యులు దీన్ని మెరాల్జియా పరెస్థెటికా అంటారు. గ్రీకు భాషలో మెరోస్ అంటే తొడ, అల్గోస్ అంటే నొప్పి. మార్టిన్ బెర్న్‌హార్ట్ 1878లో దీన్ని వర్ణించగా, వ్లాదిమిర్ రోత్ 1895లో ఈ పేరు పెట్టారు. అదే ఏడాది సిగ్మండ్ ఫ్రాయిడ్ తన తొడలోనే వచ్చిన ఈ తిమ్మిరి గురించి రాశారు. జబ్బు కొత్తదీ కాదు, అరుదైనదీ కాదు. మన దగ్గర పేరు తెలియక నడుము నొప్పి ఖాతాలో పడిపోతున్నది, అంతే.

మొదటి పని: మంట ఉన్న చోటును గీయండి

స్నానం చేసి ఒళ్లు తుడుచుకున్న తర్వాత, వెలుతురు ఉన్న చోట కూర్చొని, చిన్న దూది ఉండతో తొడ ముందు భాగం నుంచి బయటి వైపుకు నెమ్మదిగా రాస్తూ వెళ్లండి. స్పర్శ మారినట్టు, అంటే మొద్దుగా గాని మంటగా గాని చిరాకుగా గాని అనిపించిన ప్రతి చోటా బాల్ పెన్నుతో ఒక చుక్క పెట్టండి. పై నుంచి, కింది నుంచి, వెనుక నుంచి కూడా ఇలాగే చేసి చుక్కలను కలిపితే ఒక ఆకారం వస్తుంది. దాన్ని ఫోనులో ఫొటో తీసి, కింద తేదీ రాసి పెట్టుకోండి. నీళ్లు పోసిన స్టీలు గ్లాసును అదే చోట ఆనించి, ఆరోగ్యంగా ఉన్న తొడతో పోల్చి చూస్తే చల్లదనం తెలుస్తున్నదో లేదో కూడా తేలుతుంది.

తొడ నరం నలిగితే ఆ ఆకారం తొడ బయటి వైపున, కొంత ముందుకు, అరచెయ్యి మొదలుకొని రెండు అరచేతుల వెడల్పు వరకు, మోకాలికి పైననే ఆగిపోతుంది. తొడ లోపలి వైపుకు రాదు, పిక్కలోకి, పాదంలోకి దిగదు. ఎక్కువమందిలో ఒక్క కాలికే ఉంటుంది గాని రెండు వైపులా వచ్చేవారూ ఉన్నారు. మీరు గీసిన గీత పిరుదు నుంచి తొడ వెనుక భాగం మీదుగా పిక్కలోకి, కాలి వేళ్లలోకి పోతే అది సయాటికా, అంటే నడుము దగ్గర నరం నలిగి కాలిలోకి దిగే నొప్పి దారి, నడుము చూపించుకోవలసిందే. నొప్పి ముఖ్యంగా గజ్జలో ఉండి, చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి కాలు మడిచినప్పుడు పట్టేస్తే తుంటి కీలును అనుమానించాలి. తుంటి పక్కన చేతికి తగిలే ఎముక గుబ్బ మీద నొక్కితే ప్రాణం పోయినట్టు ఉండి, ఆ వైపు తిరిగి పడుకోలేకపోతే అక్కడి నీటి సంచి వాపు కావచ్చు. మంట ఉన్న చోట నీటి పొక్కులు వరుసగా లేస్తే అది అక్కి. అక్కి రాయించుకొని ఊరుకోకుండా, పొక్కులు కనిపించిన 72 గంటల లోపల వైద్యుడి దగ్గరికి వెళ్తే మందులు బాగా పనిచేస్తాయి.

రెండవ పని: బలం చూసుకోండి

కుర్చీలో కూర్చొని, చేతులు ఛాతీకి కట్టుకొని, చేతుల ఊతం లేకుండా లేవండి. తర్వాత ఇంటి ముందు మెట్టు మీద నొప్పి ఉన్న కాలు వేసి, ఆ కాలి బలంతోనే పైకి ఎక్కండి. గొంతుకూర్చొని లేవగలిగే వయసువారు అది కూడా చేసి చూడండి. మంట వల్ల ఇబ్బంది పడడం వేరు, మోకాలు ఉన్నట్టుండి కూలిపోవడం, కాలు లేవకపోవడం వేరు. ఈ రెంటినీ కలపకండి.

మన ప్రాంతంలో ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు, నారాయణపురం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగిన పెద్దవాళ్లకు కాళ్లలో ఏ బాధ వచ్చినా “ఫ్లోరైడ్ నొప్పులే” అనుకోవడం అలవాటైంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. అంతకు ఎంతో మించిన నీళ్లు తాగినవారిలో వెన్ను చుట్టూ ఉన్న పట్టీలు ఎముకల్లా గట్టిపడి, మెడ, నడుము వంగక, వెన్నుపాము దారి ఇరుకై కాళ్లు బిగుసుకుపోతాయి, బలం తగ్గుతుంది. అది ఒక చెయ్యంత చోట చర్మం మండడం కాదు. మంట చిన్న చోటుకే పరిమితమై, నడక మామూలుగా ఉంటే దాన్ని ఫ్లోరైడ్ మీద వేసి వదిలేయకండి, అది నయమయ్యే బాధ కావచ్చు. నడక కట్టెలా మారి, అడుగులు తడబడుతుంటే మాత్రం ఈ వ్యాసంలోని చిట్కాలతో కాలం గడపకుండా వెన్ను పరీక్షకు వెళ్లండి.

కింది వాటిలో ఏది ఉన్నా ఇంటి ప్రయత్నాలు ఆపి అదే రోజు దవాఖానకు చేరండి: మూత్రం, మలం అదుపు తప్పడం లేదా మూత్రం రాకపోవడం, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోవడం, రెండు కాళ్లూ ఒక్కసారిగా బలహీనపడడం, పడిపోయిన తర్వాతో బండి ప్రమాదం తర్వాతో మొదలైన నొప్పి, జ్వరంతో కూడిన నడుము నొప్పి. కారణం లేకుండా బరువు తగ్గుతున్నవారు, ఇంతకు ముందు క్యాన్సర్‌కు చికిత్స తీసుకున్నవారు కూడా ఆలస్యం చేయకూడదు.

మూడవ పని: ఒత్తి చూడడం

దీనికి ఇంట్లో ఒకరి సాయం కావాలి. నొప్పి ఉన్న వైపు పైకి వచ్చేలా పక్కకు తిరిగి, మోకాళ్లు కొద్దిగా ముడిచి పడుకోండి. సాయం చేసేవారు రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, తుంటి ఎముక పై అంచు మీద నేల వైపుకు నెమ్మదిగా, నిలకడగా ఒత్తి 45 సెకన్లు పట్టుకోవాలి. ఇలా ఒత్తినప్పుడు గజ్జలోని పట్టీ కొంచెం వదులవుతుంది కాబట్టి, నలిగేది తొడ నరమే అయితే ఆ కొద్దిసేపు మంట, తిమ్మిరి తగ్గినట్టు అనిపిస్తుంది. వైద్యులు చేసే పరీక్ష ఇదే. గర్భిణులు, ఎముకలు పెళుసుబారిన పెద్దవయసువారు, తుంటి ఆపరేషన్ అయినవారు దీన్ని ఇంట్లో చేయకూడదు. ఎముక మొనకు లోపలి వైపున వేలితో మెల్లగా తట్టినప్పుడు తొడలోకి ఝల్లుమని పోయినా అదే సూచన. తట్టడం ఒకటి రెండు సార్లకు మించవద్దు. నలిగిన నరాన్ని మళ్లీ మళ్లీ గిల్లి చూసుకోవడం దాన్ని ఇంకా రేపుతుంది.

నాలుగవ పని, అన్నిటికన్నా ముఖ్యమైనది: నడుముకు కట్టినవన్నీ లెక్కపెట్టండి

ఒక రోజు పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా మీ నడుము చుట్టూ, తుంటి మీద, గజ్జలో ఏమేమి తగులుతున్నాయో కాగితం మీద రాయండి. లుంగీ ముడి, మొలతాడు, లంగా బొందు, బెల్టు, తువాల, తాళాల గుత్తి, జేబులో ఫోను, ఏదీ వదలకుండా రాయాలి. సాయంత్రం బట్టలు మార్చుకునేటప్పుడు చర్మం మీద ఎర్రగా పడిన గీతలు ఎక్కడ ఉన్నాయో చూడండి. ఆ గీత ఎముక మొన మీదుగా గాని, దాని లోపలి వైపున గాని పోతున్నదంటే మీ మంటకు కారణం చాలావరకు దొరికినట్టే.

ఆడవాళ్ల విషయంలో నేను మొదట అడిగేది లంగా బొందు గురించి. సన్నని నూలు బొందును చీర బరువు ఆగడానికి గట్టిగా లాగి, నడుము దగ్గర కాకుండా తుంటి మీదికి దించి కట్టుకుంటే అది సరిగ్గా నరం దారిలో కోస్తుంది. బొందుకు బదులు నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ కుట్టించుకోండి, లేదా వెడల్పు ఎలాస్టిక్ వేయించుకోండి. కట్టు ఎముక మొనలకు పైన, బొడ్డు ఎత్తులో ఉండాలి. కట్టిన తర్వాత రెండు వేళ్లు లోపలికి సులువుగా దూరాలి, కూర్చున్నప్పుడు కూడా దూరాలి. నాట్లు వేసేటప్పుడు కుచ్చిళ్లు పైకెత్తి నడుముకు బిగించి దోపుకొని గంటల కొద్దీ వంగి, మళ్లీ ఒక్కసారిగా నిటారుగా లేస్తుంటే నరం మీద కోత ఇంకా ఎక్కువ. ఆ నాలుగు రోజులకు చీర కింద వదులు పైజామా వేసుకొని, పైన అంగీ తొడుక్కుంటే దోపుకునే పనే ఉండదు. ఇప్పుడు చాలా ఊళ్లలో కూలికి వెళ్లే ఆడవాళ్లు అంగీ వేసుకుంటూనే ఉన్నారు.

పత్తి ఏరేవాళ్లు నడుముకు గుడ్డతో ఒడి కట్టుకొని, అది నిండే దాకా మోస్తూ నడుస్తారు. పత్తి తేలికే అయినా నిండిన ఒడి కిందికి లాగుతూ ముడిని తుంటి మొన మీదికి దించుతుంది. ఒడిని నడుముకు కాకుండా భుజం మీదుగా అడ్డంగా వేసుకునే జోలెలా కుట్టించుకోండి. అది కుదరకపోతే సగం నిండగానే సాలు చివర గోనె సంచిలో పోసి రండి. పని వెనకబడుతుందని మేస్త్రీ గొణగవచ్చు, అయినా ఇందులో మొహమాటపడకండి.

మగవాళ్లలో మొలతాడు, అందులోనూ పెళ్లినాడు కొలత తీసి చేయించిన వెండి మొలతాడు, పొట్ట పెరిగిన తర్వాత కూడా అదే కొలతలో మిగిలిపోయి ఉంటుంది. తీసేయమని నేను చెప్పను. రెండు కొలుకులు కలిపించి వదులు చేయించుకోండి. పోలీసులు, సెక్యూరిటీ గార్డులు బరువైన బెల్టును, తాపీ మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు పనిముట్ల సంచిని తుంటి మీద వేలాడదీసుకుంటారు. బరువును వీలైనంత వరకు భుజానికి మార్చాలి, కుదరనప్పుడు తుంటి ముందు భాగం నుంచి వెనక్కి జరపాలి. బండి మీద నల్లగొండ నుంచి హైదరాబాద్ దాకా దాదాపు వంద కిలోమీటర్లు బిగుతు జీన్సుతో, ముందు జేబులో ఫోను కుక్కుకొని వెళ్లే యువకులు తొడ ఎందుకు మండుతున్నదో తెలియక పరీక్షల చుట్టూ తిరుగుతుంటారు. ఫోను, పర్సు సంచిలో పెట్టుకొని వారం రోజులు చూడండి.

గీత కార్మికుల సంగతి వేరుగా చెప్పాలి. మోకును చెట్టుకూ తమ నడుముకూ కలిపి చుట్టి, దాని మీదనే ఒరిగి, నడుముకు కత్తుల పొదీ లొట్టీ వేలాడదీసుకొని రోజుకు ఎన్నో చెట్లు ఎక్కే మనిషికి తుంటి చుట్టూ ఒత్తిడి తప్పదు. తొడ మంట కోసం మోకును వదులు చేయడం, రక్షణ పట్టీలు పెట్టుకోకపోవడం ఎన్నడూ చేయవద్దు, చెట్టు మీద ప్రాణం ముందు. చేయగలిగింది ఏమిటంటే, తాడు ఆనే చోట మందపాటి మెత్తని గుడ్డ మడతపెట్టి వేసుకోవడం, పొదిని ఎముక మొన దగ్గర నుంచి వెనక్కి జరపడం, నేల మీద ఉన్నంతసేపు అన్నీ విప్పి పక్కన పెట్టడం. ప్రభుత్వం 2024 నుంచి ఇస్తున్న కాటమయ్య రక్షణ కవచం వాడుతున్నవారు దాని పట్టీ అంచు గజ్జలో కోసుకోకుండా కొలత సరిచేయించుకోవాలి. మంటతో పాటు ఏ మాత్రం కాలి బలహీనత అనిపించినా వైద్యుడు చూసే దాకా చెట్టు ఎక్కకండి.

ఇక నడుము బెల్టు. ఆపరేషన్ తర్వాతనో వెన్నుపూస విరిగినప్పుడో వైద్యుడు వేయించినదైతే అడగకుండా తీయవద్దు. తొడ మంటకే ఎవరో ఇచ్చినదైతే, లేదా మందుల షాపులో మీరే కొన్నదైతే, అది లేకుండా మూడు రోజులు గడిపి తేడా గమనించండి.

నిలబడడం, నడవడం, పడుకోవడం

తుంటి వెనక్కి సాగినప్పుడు ఈ నరం బిగుస్తుంది, ముందుకు ముడిచినప్పుడు వదులవుతుంది. అందుకే కూర్చుంటే నయమవుతుంది. దీన్ని రోజంతా మీకు అనుకూలంగా వాడుకోండి. వంటగదిలో, దుకాణంలో, తరగతి గదిలో చాలాసేపు నిలబడాల్సి వచ్చినప్పుడు నొప్పి ఉన్న కాలిని చిన్న పీట మీదనో ఇటుక మీదనో పెట్టుకొని నిలబడండి. అరగంటకు ఒకసారి రెండు నిమిషాలు కూర్చోండి. నడిచేటప్పుడు పెద్ద అంగలు వేయకుండా అడుగు చిన్నది చేయండి. పొట్ట ముందుకు, నడుము లోపలికి తోసి నిలబడే అలవాటు ఉంటే దాన్ని సరిచేసుకోండి. బోర్లా పడుకోవద్దు. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద ఒక దిండు, పక్కకు పడుకుంటే నొప్పి లేని వైపు తిరిగి మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టుకోండి.

వ్యాయామాల్లో తొందర వద్దు. మొదటి రెండు మూడు వారాలు వెల్లకిలా పడుకొని ఒక్కో మోకాలిని ఛాతీ వైపు తెచ్చి 20 సెకన్లు పట్టుకోవడం, మోకాళ్లు ముడిచి పొట్టను లోపలికి లాగుతూ నడుమును చాపకు ఆనించి 5 సెకన్లు ఉంచడం, ఈ రెండూ పూటకు పదేసి సార్లు చాలు. కాలిని వెనక్కి సాగదీసే ఆసనాలు, ముఖ్యంగా భుజంగాసనం, ధనురాసనం ఈ రోజుల్లో మానండి. మంట సగానికి తగ్గిన తర్వాత తొడ ముందు కండరాలను, తుంటి కండరాలను నెమ్మదిగా సాగదీయడం ఫిజియోథెరపిస్టు చూపించినట్టు మొదలుపెట్టవచ్చు.

షుగర్, బరువు

షుగర్ ఉన్నవారిలో నరాలు ముందే నలతగా ఉంటాయి కాబట్టి చిన్న ఒత్తిడికే ఈ బాధ వస్తుంది. మీకు షుగర్ ఉన్నదో లేదో తెలియకపోతే ఇదే సందర్భంగా పరీక్ష చేయించుకోండి. 30 ఏళ్లు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, పల్లె దవాఖానలో ఈ పరీక్ష ఉచితం. పరగడుపున 126 లేదా అంతకు మించి, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకు మించి ఉంటే షుగర్ కింద లెక్క, దాన్ని వైద్యుడు మరోసారి నిర్ధారిస్తారు. నడుము కొలత మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట పెరిగినట్టే. బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా గజ్జ మీద భారం తేలికవుతుంది. 80 కిలోల మనిషికి అది 4 నుంచి 8 కిలోలు. ఎక్కువ నడిస్తే మంట వస్తున్నదని నడకే మానేసేవారు సైకిలు తొక్కవచ్చు, ఎందుకంటే అందులో తుంటి ముడుచుకొనే ఉంటుంది. అన్నం తగ్గించి జొన్న రొట్టె తినడం పాలమూరు వైపు వారికి కొత్త పని కాదు, కాకపోతే రొట్టెల లెక్క కూడా అదుపులో ఉండాలి.

చేయకూడనివి

మొద్దుబారిన చర్మానికి వేడి తెలియదు. నూనె రాసి వేడిచేసిన జిల్లేడు ఆకు, గుడ్డలో చుట్టిన ఇటుక, వేడి నీళ్ల సంచి పెట్టుకొని తొడ బొబ్బలెక్కిన తర్వాత వచ్చినవారిని నేను చూశాను. షుగర్ ఉన్నవారికి ఆ పుండు మానడమే ఒక పెద్ద జబ్బు అవుతుంది. చల్లదనం కావాలంటే తడి గుడ్డను పది నిమిషాలు వేసుకోండి. మంచు గడ్డను నేరుగా చర్మానికి తాకించవద్దు. వాతలు పెట్టించుకోవద్దు. నరం లాగించడం పేరిట గజ్జలో బలంగా తొక్కించుకోవద్దు. నలిగిన చోటనే మళ్లీ నలపడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మందుల విషయంలో

మంట మరీ ఎక్కువగా ఉన్న రోజుల్లో పారాసిటమాల్ వేసుకోవచ్చు, కాలేయ జబ్బు లేని పెద్దవారు కూడా రోజుకు 3 గ్రాములు మించకూడదు. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, సూదులు ఊళ్లో సులువుగా దొరుకుతాయి గాని, నరం మంటకు వాటితో వచ్చే మేలు కొంచెమే. బీపీ, షుగర్ ఉన్నవారి కిడ్నీలకు, అల్సర్ ఉన్నవారి పొట్టకు వాటితో వచ్చే కీడు ఎక్కువ. వాటిని వారాల తరబడి మింగకండి. నరాల మంటకు పనిచేసేవి అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటివి. వీటిని వైద్యుడు రాసినప్పుడే, రాసిన మోతాదులోనే వాడాలి. ఇవి మత్తుగా ఉంచుతాయి కాబట్టి మొదటి రోజుల్లో బండి నడపడం, ట్రాక్టర్ తోలడం, చెట్టు ఎక్కడం కూడదు. కల్లు, మద్యం వీటితో కలిస్తే మత్తు ప్రమాదకరంగా పెరుగుతుంది. నయమైందని ఒక్కసారిగా మానేయకుండా, వైద్యుడిని అడిగి మెల్లగా తగ్గించుకోవాలి.

గర్భిణులు, బాలింతలు

నెలలు నిండుతున్న కొద్దీ పొట్ట బరువు గజ్జ మీద పడి ఈ మంట రావడం మామూలే. కాన్పు తర్వాత చాలామందిలో దానంతట అదే పోతుంది. వెడల్పు ఎలాస్టిక్ ఉన్న బట్టలు, ఎడమ వైపు తిరిగి మోకాళ్ల మధ్య దిండుతో పడుకోవడం చాలు; పైన చెప్పిన మందులేవీ అడగకుండా వాడకూడదు. కాన్పు తర్వాత పొట్టకు గుడ్డ కట్టే ఇళ్లలో పెద్దవాళ్లకు ఒక మనవి: కడితే పొట్ట మీద కట్టండి, తుంటి మొనల మీదికి దిగనివ్వకండి, శ్వాస ఆడనంత బిగించకండి.

నాలుగు నుంచి ఆరు వారాలు చూసి, తర్వాత వైద్యుడి దగ్గరికి

బిగుతు తీసేసి, నిలబడే, పడుకునే పద్ధతి మార్చుకున్నవారిలో ఎక్కువమందికి వారాల్లో, కొందరికి నెలల్లో తగ్గుతుంది. ఆరు వారాలైనా మార్పు లేకపోతే, లేదా మంటతో నిద్ర కరువైతే, మీరు తీసిన ఫొటోలు, రాసుకున్న కాగితం పట్టుకొని నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల దవాఖానల్లో ఎముకల విభాగానికో జనరల్ మెడిసిన్ విభాగానికో వెళ్లండి. బీబీనగర్ ఎయిమ్స్, హైదరాబాద్ నిమ్స్ కూడా మనకు అందుబాటులో ఉన్నవే. “నడుము నొప్పి” అని చెప్పకండి. “తొడ బయటి వైపు చర్మం మండుతున్నది, మోకాలి కిందికి దిగడం లేదు, బలం బాగానే ఉంది, కూర్చుంటే తగ్గుతున్నది” అని ఇదే వరుసలో చెప్పండి. ఇంతకు ముందు హెర్నియా, తుంటి, వెన్ను ఆపరేషన్లు అయి ఉంటే తప్పక చెప్పండి, ఎందుకంటే ఆ ఆపరేషన్లలో కూడా ఈ నరం దెబ్బతినవచ్చు.

ఎమ్మారై గురించి ఒక మాట. ఏ నొప్పీ లేని మనుషుల వెన్ను తీసినా చాలామందిలో డిస్కు ఉబ్బు కనిపిస్తుంది. రిపోర్టులో ఆ మాట కనిపించినంత మాత్రాన మీ తొడ మంటకు అదే కారణమని కాదు. బలం తగ్గినప్పుడు, పైన చెప్పిన ప్రమాద సూచనలు ఉన్నప్పుడు, లేదా వైద్యుడికి అనుమానం మిగిలినప్పుడు అది అవసరం; అప్పుడు ఖర్చుకు వెనుకాడకూడదు.

ఎముక మొన దగ్గర మత్తుమందు సూది వేస్తే కొద్ది నిమిషాల్లో మంట మాయమైతే జబ్బు ఇదేనని గట్టిగా తేలుతుంది. దానితో కలిపి స్టెరాయిడ్ ఇస్తే కొందరికి నెలల పాటు ఉపశమనం ఉంటుంది. అల్ట్రాసౌండ్‌లో నరాన్ని చూస్తూ వేసే సూది మంచిది, ఎందుకంటే ఈ నరం దారి అందరిలో ఒకే తీరుగా ఉండదు. షుగర్ ఉన్నవారికి స్టెరాయిడ్ తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది, రోజూ చూసుకోవాలి. సూది వేసిన రోజు కాలు తాత్కాలికంగా బలహీనం కావచ్చు కాబట్టి తోడు మనిషిని తీసుకెళ్లండి. ఇవేవీ పనిచేయని కొద్దిమందికే ఆపరేషన్. అందులో నరం చుట్టూ ఉన్న బిగుతును విడిపించడం ఒక పద్ధతి, నరాన్నే కోసేయడం రెండవది. రెండవదానిలో మంట పోయినా ఆ చోట మొద్దుతనం శాశ్వతంగా మిగులుతుంది. ఏది చేయబోతున్నారో సంతకం పెట్టేముందు అడిగి తెలుసుకోండి.

ఈ ఆరు వారాల్లోనూ ఆదివారం ఆదివారం దూదితో మళ్లీ చుక్కలు పెట్టి ఫొటో తీయండి. నరం కోలుకుంటున్నప్పుడు సాధారణంగా మొదట మంట తగ్గుతుంది, మొద్దుతనం చివరగా పోతుంది. మధ్యలో కొన్ని రోజులు ఆ చోట దురద పెట్టినట్టు, చీమలు పాకినట్టు అనిపిస్తే భయపడకండి, గోకకండి. గీసిన ఆకారం వారం వారం అంచుల నుంచి చిన్నదవుతుంటే మీరు కట్టు మార్చుకున్నది సరైన చోటనే.